చెప్పులకు టోకెన్, తలకు తవక్కులా?

పోయిన జుమ్మాకి కాస్త ఆలస్యంగా చేరాను. ఖుత్బా అప్పటికే మొదలైంది. బండి పెట్టడానికి చోటు లేక మస్జిద్ గేటు నుంచి మూల మీది చాయ్ హోటల్ దాకా నెట్టుకుంటూ పోయాను. రోడ్డుకి రెండు వైపులా బళ్లే. స్ప్లెండర్లు, యాక్టివాలు, పల్సర్లు, ఒకటీ అరా బుల్లెట్లు. ఇన్ని బళ్ల మీద హెల్మెట్లు ఎన్ని ఉన్నాయా అని చూస్తే, నా రెండు చేతుల వేళ్లు సరిపోయాయి. వాటిలోనూ కొన్ని, బిల్డింగ్ పనివాళ్లు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీల్లాంటివే.

మస్జిద్ గుమ్మం దగ్గర మాత్రం ఇంతెజామ్ భేషుగ్గా ఉంది. చెప్పులకి ఇనప రాక్. దాని ముందు ఒక పెద్దాయన కూర్చుని రేకు బిళ్ల మీద నంబర్లు ఇస్తున్నాడు. నా నూట యాభై రూపాయల చెప్పులకి 47వ నంబరు వచ్చింది. చేతిలో హెల్మెట్ చూపించి "చాచా, దీన్ని కూడా పెట్టుకోరా?" అన్నాను. ఆయన నవ్వి "దానికి చోటు లేదు బేటా, లోపలికి తీసుకుపో" అన్నాడు. తీసుకుపోయాను. సఫ్‌లో నా ముందు పెడితే సజ్దాకి అడ్డం, పక్కన పెడితే పక్కాయనకి అడ్డం. చివరికి కిటికీ గట్టు మీద పెట్టి, నమాజ్ అంతా సగం దిల్ అల్లా వైపు, సగం కిటికీ వైపు పెట్టుకుని చదివాను. అల్లా మాఫ్ చెయ్యాలి.

బయటికొచ్చాక తెలిసిన కుర్రాళ్లు నలుగురు కనిపించారు. "హెల్మెట్లు ఏవిరా?" అన్నాను. నలుగురిదీ ఒకటే జవాబు.

"ఇంట్లో ఉంది భయ్యా. తెస్తే ఎత్తుకుపోతారు."

ఈ మాట నాకు కొత్త కాదు. ఒకప్పుడు ఈ మాట చెప్పింది నేనే. చెప్పినందుకు ఏమైందో ఇవాళ రాస్తున్నాను. రాయకుండా ఇంతకాలం ఆగినందుకు షర్మిందాగా ఉంది.

మా చిన్న ఖాలా కొడుకు నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. గుంటూరులో ఏసీలు, ఫ్రిజ్‌లు రిపేరు చేసేవాడు. వేసవి వచ్చిందంటే ఫజర్ తర్వాత ఇల్లు వదిలితే ఇషాకి గానీ తిరిగొచ్చేవాడు కాదు. నిచ్చెన ఎక్కడం, గోడకి వేలాడే పెట్టె విప్పడం, మళ్లీ బిగించడం. చేతిలో హునర్ ఉన్న పిల్లవాడు. ఒక నెల ఆదాయం బాగుంటే, పద్దెనిమిది వందలు పెట్టి మొహమంతా కప్పే హెల్మెట్ కొన్నాడు. నల్లది, మీద ఎర్ర చారలు. కొన్న నాలుగో రోజు మా బంధువుల వలీమా. నలుగురం కలిసి పోదామని మా ఇంటికొచ్చాడు, హెల్మెట్ పెట్టుకునే వచ్చాడు.

నేనే అన్నాను. "కొత్త హెల్మెట్ షాదీఖానా ముందు వదుల్తావా? దావత్ అయ్యేలోపు మాయం. ఇంట్లో పెట్టెయ్. ఎంత దూరం, మూడు కిలోమీటర్లు."

పెద్దవాణ్ణి, భయ్యాని, చెప్పానని విన్నాడు. మా ఫ్రిజ్ మీద పెట్టాడు.

రాత్రి పదకొండుకి తిరిగొస్తున్నాం. ముందు నేనూ మా ఇంటామె, వెనక వాడూ వాడి దోస్తూ చెరో బండి మీద. ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీదే కుప్ప పోసుకున్న ఇసుక మలుపు దాకా పరుచుకుంది. వాడి ముందు చక్రం జారింది. ఎదురుగా లారీ లేదు, బస్సు లేదు. స్పీడు నలభై కూడా లేదేమో. మోచేయి గీసుకుపోయింది, తలకి ఒక పక్క చిన్న వాపు. లేచి కూర్చుని "ఏం కాలేదు భయ్యా" అన్నాడు. మేం నీళ్లు తాగించాం. దోస్తు నవ్వాడు కూడా. పావుగంటకి వాంతి చేసుకున్నాడు. తర్వాత మాట ముద్ద ముద్దగా వచ్చింది. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి నన్ను గుర్తుపట్టలేదు.

పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరిందన్నారు. తెల్లారేలోపు ఆపరేషన్ చేశారు. డాక్టర్లు జాన్ కాపాడారు, వాళ్లకి అల్లా మేలు చెయ్యాలి. కానీ కుడి చెయ్యి మునుపటిలా రాలేదు. మాట వెతుక్కుంటాడు. స్క్రూడ్రైవర్ చూపించి "అది... అది..." అంటాడు, పేరు రాదు. నిచ్చెన ఎక్కడం ఆ రాత్రితో ఖతం. భాబీ ఇప్పుడు ఇంట్లో మిషన్ కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది.

ఆ హెల్మెట్ నలభై రోజులు మా ఫ్రిజ్ మీదే ఉంది. ఎవరూ ఎత్తుకుపోలేదు. మా ఖాలా ఒక్కసారి కూడా నన్ను ఒక మాట అనలేదు. "తఖ్దీర్ బేటా" అంది. ఆమె అనగలదు, ఆమెకి ఆ హఖ్ ఉంది. నేను అనలేను.

అందుకే ఇప్పుడు ఎవరైనా "తెస్తే పోతుంది భయ్యా" అంటే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలో సగం నా మీదే. మిగతా సగం మనందరి మీద.

లెక్క చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ మన దేశంలో చనిపోయినవాళ్లు 50,029 మంది. అందులో 35,692 మంది బండి నడిపేవాళ్లు. మిగతా 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఒక్క ఏడాదిలో. మా ఖాలా కొడుకులా ప్రాణం మిగిలి జిందగీ పోయినవాళ్లు ఈ లెక్కలోకి రారు. ఎన్నో దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి 2008లో వేసిన అంచనా ఒకటుంది. హెల్మెట్ పెట్టుకుంటే చావు ముప్పు దాదాపు 42 శాతం, తలకి గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతుందని. నూటికి నూరు కాదు. నూటికి నూరు అల్లా చేతిలోనే ఉంది. మన చేతిలో ఉన్న భాగం ఎందుకు పారేసుకోవాలన్నదే నా సవాల్.

అరబ్బుల చరిత్ర చదివినవాళ్లకి లారెన్స్ పేరు తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానియా సల్తనత్ మీద తిరగబడ్డ అరబ్బులతో కలిసి ఎడారిలో తిరిగిన ఇంగ్లీషు అఫ్సర్. అన్ని తుపాకుల మధ్య బతికి బయటపడ్డవాడు 1935లో తన దేశంలో, తన ఇంటి దగ్గరి రోడ్డు మీద, సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి మోటారు సైకిల్ మీంచి పడ్డాడు. తల మీద ఏమీ లేదు. ఆరు రోజులకి చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకడు. ఆ చావు ఆయన్ని వదల్లేదు. యుద్ధంలో కబుర్లు మోసే సైనికులు మోటారు సైకిళ్ల మీద పడి చనిపోవడాన్ని పరిశీలించి, హెల్మెట్ ఎంత ముఖ్యమో 1941లో రాశాడు. తర్వాత ఆ దేశపు సైన్యంలో బండి నడిపేవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి అయింది. ఎనభై ఏళ్ల కిందటే తేలిన మాట ఇది. మన గల్లీలో ఇంకా బహస్ నడుస్తోంది.

ఇక మన బహానాలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, "మౌత్ రాసి పెట్టి ఉంటే హెల్మెట్ ఆపుతుందా?" ఆపదు. మరి రాత్రి ఇంటికి గొళ్లెం ఎందుకు పెడుతున్నావ్? దుకాణం షట్టరుకి రెండు తాళాలు ఎందుకు? మబ్బు పట్టగానే యార్డులో మిర్చి టిక్కీల మీద పట్టా ఎందుకు కప్పుతున్నావ్, రాసి పెట్టిన వాన రాకుండా పోతుందా? ముందు ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లా మీద భరోసా పెట్టుకోమన్న హదీసు మనలో తెలియనివాడు లేడు. ప్రతి రెండో బయాన్‌లో వింటాం. మాల్ విషయంలో ఆ హదీసు మనకి బాగా అర్థమైంది. జాన్ దగ్గరికొచ్చేసరికి ఒంటెను వదిలేసి తవక్కుల్ అంటున్నాం. అది తవక్కుల్ కాదు, బద్ధకం. బద్ధకానికి దీన్ పేరు పెట్టడం మరో గునా.

రెండోది, "ఇక్కడిక్కడే కదా, గల్లీ చివరి దాకా." మా వాడిది మూడు కిలోమీటర్లు. పడటానికి మూడు కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. ఇసుక కుప్పా, కుక్కా, మూత లేని మ్యాన్‌హోలూ ఉండేది గల్లీల్లోనే.

మూడోది, "టోపీ నలుగుతుంది, జుట్టు రాలుతుంది, ఉక్కపోత." టోపీ జేబులో పెట్టుకో, మస్జిద్ మెట్ల మీద తీసి పెట్టుకో. గట్టి అంచున్న టోపీ మీద హెల్మెట్ పెడితే అది తలకి సరిగ్గా కూర్చోదు కూడా. చెమటకి పల్చటి నూలు గుడ్డ టోపీ లోపల పెట్టుకుంటే చాలు, రోజూ ఉతుక్కోవచ్చు. మొన్న ఒకాయన నాతో వాదించాడు, "సిక్కులకి మినహాయింపు ఉంది, మనకెందుకు లేదు?" అని. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తలపాగా చుట్టుకున్న సిక్కులకి మినహాయింపు ఇచ్చింది, నిజమే. నేను ఆయన్ని అడిగాను, "భాయ్, ఈ దేశంలో మనం అడగాల్సిన హఖ్‌లు చాలా ఉన్నాయి. తల పగలగొట్టుకునే హఖ్ అందులో మొదటిదా?" జవాబు రాలేదు.

నాలుగోది నోటితో చెప్పరు, చేసి చూపిస్తారు. పోలీసు కనిపిస్తే పెట్టుకోవడం, దాటగానే మోచేతికి తగిలించుకోవడం. చలాన్ వెయ్యి రూపాయలు, లైసెన్సు మూడు నెలలు రద్దు చెయ్యొచ్చు, ఆ భయం ఉంది. మోచేతికి తొడిగిన హెల్మెట్ మోచేతినే కాపాడుతుంది. పట్టీ బిగించకుండా నెత్తి మీద పెట్టింది మనకన్నా ముందు ఎగిరి రోడ్డు మీద పడుతుంది. పట్టీ బిగించాలని కూడా చట్టంలోనే ఉంది.

అయిదోది మన ఇళ్లలోది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. అబ్బా తల మీద హెల్మెట్ ఉంటుంది. వెనక అమ్మీ తల మీద బుర్ఖా తప్ప ఏమీ ఉండదు. మధ్యలో ఒక పిల్ల, ముందు ట్యాంకు మీద ఒక పిల్లాడు. మియా, రోడ్డుకి నీ తల ఒక్కటే తెలుసా? పైన చెప్పిన లెక్కలో వెనక కూర్చుని చనిపోయినవాళ్లు పద్నాలుగు వేల పైచిలుకు. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లకీ హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి కూడా హెల్మెట్, నడిపేవాడికి కట్టుకునే బెల్టు ఉండాలనీ, బండి నలభై కిలోమీటర్లు దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి రూలు అమల్లో ఉంది.

బుర్ఖా మీద హెల్మెట్ పట్టదని ఆపాలు అంటారు. పడుతుంది. కొనేటప్పుడు ఇంట్లో కట్టుకునే హిజాబ్‌తోనే పెట్టుకుని చూసి కొనండి. లోపల పల్చటి గుడ్డ కట్టుకోండి, ముడి వెనక ఎత్తుగా రాకుండా చూసుకోండి. పిన్నులు హెల్మెట్ కింద వచ్చేచోట పెట్టకండి, దెబ్బ తగిలితే ఆ పిన్ను లోపలికి దిగుతుంది. కూర్చున్నాక బుర్ఖా అంచు, దుపట్టా కొస ఒళ్లోకి లాక్కోండి. చక్రంలో చిక్కిన దుపట్టా ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. శారీ గార్డు విప్పించి పారేసి స్టైలుగా తిరిగే దుల్హాలకి ఈ మాట చేరాలి.

దుల్హా అంటే గుర్తొచ్చింది. జహేజ్‌లో బండి అడిగేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. పేద తండ్రి అప్పు చేసి లక్ష రూపాయల బండికి పూలదండ వేసి షాదీఖానా ముందు నిలబెడతాడు. ఆ బండి తీసుకోవడమే హరామ్ అని నేను ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాస్తున్నాను. ఆ దండ వేసిన బండి మీద రెండు హెల్మెట్లు నేను ఎప్పుడూ చూడలేదు. ఆ బండి వెనక సీటు మీద రేపు కూర్చోబోయేది ఆ తండ్రి కూతురే.

ఇప్పుడు అసలు బహానాకి వద్దాం. "ఎత్తుకుపోతారు." ఇది అబద్ధం కాదు. ఎత్తుకుపోతారు. నావి రెండు పోయాయి, ఒకటి బ్యాంకు ముందు, ఒకటి తరావీహ్ చదువుతుంటే. అందుకని ఇంట్లో వదిలెయ్యాలా? చెప్పులు పోతాయని కాళ్లు ఇంట్లో వదిలేసి వస్తున్నామా? హిఫాజత్ ఎలాగో నేర్చుకోవాలి. నాకు అనుభవం మీద తెలిసింది చెప్తాను.

అన్నిటికన్నా మంచిది చేత్తో పట్టుకుపోవడం. ఒక గుడ్డ సంచీ బండిలో ఉంచుకోండి, అందులో వేసుకుని భుజానికి తగిలించుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి. స్కూటరు సీటు కింద సగం హెల్మెట్ పట్టొచ్చు గానీ, మొహమంతా కప్పేది చాలా బళ్లలో పట్టదు. సీటు ఎత్తితే అంచున చిన్న కొక్కేలు కనిపిస్తాయి. పట్టీకున్న ఇనప రింగు ఆ కొక్కేనికి తగిలించి సీటు మూస్తే హెల్మెట్ బయట వేలాడుతుంది, తాళం తియ్యకుండా రాదు. చాలా మోటారు సైకిళ్లకి సీటు పక్కన హెల్మెట్ కోసమే చిన్న తాళం ఉంటుంది. కంపెనీవాడు ఇచ్చినదాన్ని ఏళ్ల తరబడి వాడనివాళ్లు మనలో ఎందరో. బండి కదిలే ముందు మాత్రం అక్కణ్ణుంచి తియ్యాలి, లేకపోతే చక్రానికి తగులుతుంది.

పట్టీని బ్లేడుతో కోసేవాళ్లు ఉన్నారు. దానికి కూడా దవా ఉంది. నంబర్లు తిప్పే స్టీలు వైరు తాళం కొనండి, పెద్ద ధరేం కాదు. ఆ వైరుని పట్టీలోంచి కాకుండా హెల్మెట్ మొహం ఖాళీలోంచి, గడ్డం అడ్డపట్టీ చుట్టూ తిప్పి వెనక సీటు ఇనప పైపుకి వెయ్యండి. సగం హెల్మెట్‌కి గడ్డం భాగం ఉండదు కాబట్టి ఇలా వెయ్యడం కుదరదు. మొహమంతా కప్పేది తలనీ దవడనీ కాపాడుతుంది, దొంగ నుంచి తనని తానూ కాపాడుకుంటుంది. లోపలా వెనకా పెద్ద అక్షరాలతో మీ పేరు పెయింటుతో రాయండి. అందం పోతుంది, పోనివ్వండి. పేరున్న హెల్మెట్‌ని అమ్మడం దొంగకి కష్టం.

అద్దానికి తగిలించకండి. హెల్మెట్ లోపల థర్మాకోల్ లాంటి గట్టి పొర ఉంటుంది. దెబ్బ పడ్డప్పుడు ఆ పొర తాను నలిగి, దెబ్బ జోరుని తాను తీసుకుంటుంది. ప్రాణం నిలబెట్టేది అదే, పైన మెరిసే డొప్ప ఒక్కటే కాదు. అద్దం కొన రోజూ గుచ్చుకుంటే ఆ పొరలో గుంట పడుతుంది. ట్యాంకు మీద పెడితే గాలికో, ఎవరి మోచేయి తగిలో కింద పడుతుంది. గట్టి దెబ్బ ఒకసారి తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చెయ్యాల్సిందే. పొర ఒకసారి నలిగితే మళ్లీ లేవదు.

అందుకే రోడ్డు పక్క గుడ్డ పరిచి అమ్మే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ గురించి ఒక మాట. రెండు వందలకి వస్తోందని కొంటున్నారు. అది ఎక్కడ పడిందో తెలియదు. ఎవరి బండి మీద నుంచి వచ్చిందో మాత్రం కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. చోరీ సరుకని తెలిసి కొనడం చట్టంలో నేరం, దీన్‌లో హరామ్. కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 నంబరు చూసి కొనండి. ఆ గుర్తు లేని హెల్మెట్ తయారుచెయ్యడం, అమ్మడం 2021 జూన్ నుంచి నిషేధం. ఆ గుర్తుని కూడా నకిలీగా అంటించి అమ్మేవాళ్లున్నారు కాబట్టి ఫుట్‌పాత్ మీద కాకుండా బిల్లు ఇచ్చే దుకాణంలో తీసుకోండి.

ఇక బండి. హెల్మెట్ హిఫాజత్ గురించి ఇంత రాసి బండి ఎలా పెడుతున్నామో చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు. రోడ్డుకి ఒక హఖ్ ఉందని మన హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం నేర్పారు. దారిలో ఎవరికీ తక్లీఫ్ ఇవ్వకపోవడం ఆ హఖ్‌లో భాగం. జుమ్మా రోజు మన మస్జిద్ ముందు ఆ హఖ్ ఎలా ఉంటుంది? మా మస్జిద్ పక్కింట్లో ఒక హిందూ కుటుంబం ఉంటుంది. వాళ్ల అమ్మగారికి డయాలసిస్. ఒక శుక్రవారం ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆటో గేటు దాకా రాలేకపోయింది. గేటుకి అడ్డంగా మూడు బళ్లు, మూడిటికీ హ్యాండిల్ లాక్. ఆయన మా నమాజ్ అయ్యేదాకా తల్లిని పట్టుకుని గేటు లోపలే నిలబడ్డాడు. గొడవ చెయ్యలేదు, ఒక్క మాట అనలేదు. నేను బయటికొచ్చి చూసి తల ఎత్తలేకపోయాను. నమాజ్ లోపల కబూల్ అయిందో లేదో అల్లాకి తెలుసు. గేటు బయట మన రాత ఏమిటో నాకు కనిపించింది.

బండి ఎవరి గేటుకీ, ఎవరి షట్టరుకీ అడ్డం పెట్టొద్దు. మధ్యలో 108 అంబులెన్సు పోయేంత దారి వదలాలి. అది వచ్చేది మన ఇంటికే కావచ్చు. అన్ని బళ్లూ ఒకే వాలుగా, ముందు చక్రం రోడ్డు వైపు ఉండేలా పెడితే అందరూ ఒకేసారి తియ్యగలరు. మే నెల ఎండకి తారు మెత్తబడి సైడ్ స్టాండు దిగిపోతుంది, ఒక బండి పడితే వరసంతా పడుతుంది. మెయిన్ స్టాండు వెయ్యండి, లేదంటే సైడ్ స్టాండు కింద చదునైన రాయి పెట్టండి. వాలు మీద ఫస్ట్ గేరులో వదలండి. ఇలా వరసలో పెట్టిన బళ్లకి ఒక కుర్రాడు కాపలా ఉంటే చాలు, మొత్తం కనిపిస్తాయి. చిందరవందరగా పెట్టినచోటే దొంగకి ఆడ్. హెల్మెట్ పోవడానికీ, పక్కింటివాళ్ల గేటు మూసుకుపోవడానికీ జడ్ ఒకటే, మన బేఫికర్.

కమిటీ సదర్ సాబ్‌లకి, షాదీఖానా మాలిక్‌లకి ఇప్పుడు నా దర్ఖాస్తు. దర్ఖాస్తు కాదు, ముతాలబా. చెప్పుల కోసం మీరు రాక్ కొట్టించారు, మనిషిని పెట్టారు, బిళ్లలు పంచారు. మాషా అల్లా. దావత్‌కి వచ్చినవాళ్లకి ఏసీలు పెట్టారు, స్టేజీకి లక్షల పూలు కట్టారు. మా తల మీది అమానత్‌కి ఇరవై కొక్కేలున్న ఇనప రాక్ ఒకటి పెట్టలేరా? జుమ్మాకి ఇద్దరు కుర్రాళ్లని బళ్ల దగ్గర వంతులవారీగా నిలబెట్టలేరా? ఖుత్బాకి ముందు ఎలాన్‌లో "గేట్లకి అడ్డం పెట్టకండి, హెల్మెట్ తెచ్చుకోండి" అని రెండు ముక్కలు చెప్పలేరా? మైక్‌లో చందా లెక్కలు చదవడానికి టైము ఉంది కదా.

పోయిన జుమ్మా తర్వాత నేను మా సదర్ సాబ్‌ని కలిశాను. "చూద్దాం, మీటింగులో పెడతాం" అన్నారు. మీటింగు అయ్యేదాకా ఆగే ఓపిక నాకు లేదు. వెల్డింగ్ షాపులో చెప్పేశాను. ఇరవై కొక్కేలు, గోడకి బిగించే రకం. ఖర్చు నాది. వచ్చే జుమ్మాకి, ఇన్షా అల్లా, ఆటోలో వేసుకుని వస్తున్నాను. బిళ్లలు కమిటీ ఇవ్వాలి, కూర్చునే మనిషిని కూడా.

మనిషి దొరకలేదని అనొద్దు. మా ఖాలా కొడుకు కూర్చుంటానన్నాడు. ఎడం చెయ్యి బాగానే పనిచేస్తుంది, నంబర్లు గుర్తుంటాయి. ఇప్పుడు నా బండి వెనక కూర్చుని జుమ్మాకి వస్తాడు, ఆ ఎర్ర చారల హెల్మెట్ పెట్టుకుని. పట్టీ వాడు ఒంటి చేత్తో బిగించుకోలేడు. ప్రతిసారీ నేనే బిగిస్తాను.

మొదటి కొక్కేనికి వేలాడేది ఆ హెల్మెటే. రెండో కొక్కెం ఖాళీగా ఉంటుంది. మీది తీసుకురండి.